పరుగు మీది.. షూస్ ఏవి?

కానిస్టేబుల్, ఎస్‌ఎస్‌సీ జీడీ, అగ్నివీర్.. ఏ నోటిఫికేషన్ వచ్చినా రాతపరీక్ష ఒక్కటే కాదు, గ్రౌండ్ కూడా దాటాలి. మరి అనంతపురం లాంటి గరుకు నేల మీద రోజూ ప్రాక్టీస్ చేసేవాళ్లు ఎలాంటి షూస్ కొనాలి? ఎంత పెట్టాలి? ఎప్పుడు మార్చాలి?

తెల్లవారుజామున 5 గంటలకు అనంతపురంలో నీలం సంజీవరెడ్డి స్టేడియం వైపో, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ వైపో ఒకసారి వెళ్లి చూడండి. ఒకరు తెల్ల కాన్వాస్ పీటీ షూస్‌తో పరిగెత్తుతుంటారు. ఇంకొకరు ఫ్రెండ్ దగ్గర తీసుకున్న ఫుట్‌బాల్ స్టడ్స్‌తో వస్తారు. మరొకరు పెళ్లికి కొన్న ఫ్యాన్సీ స్నీకర్స్ వేసుకుంటారు. కొందరివి ఒట్టి కాళ్లే. అందరి టార్గెట్ మాత్రం ఒకటే.. 1600 మీటర్లు.

ఫోన్ కొనాలంటే మనం ఎంత ఆరా తీస్తాం! ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్ అని పది వీడియోలు చూస్తాం. షూస్ విషయానికొచ్చేసరికి రంగు, లోగో, డిస్కౌంట్ చూసి తెచ్చేసుకుంటాం. షూకీ స్పెసిఫికేషన్లు ఉంటాయి. అవి చదవడం వస్తే 3 వేల రూపాయలు వృథా కావు. కరువు సీమలో వేరుశనగ చేతికిరాని ఏడాది ఇంట్లో ఆ 3 వేలు అడగడమంటే మాటలు కాదు కదా!

ముందు లెక్క చూద్దాం

ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ గత నోటిఫికేషన్ ప్రకారం 1600 మీటర్ల పరుగును పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద 4 రౌండ్లు. పురుషులకు రౌండ్‌కు 2 నిమిషాలు. గంటకు 12 కిలోమీటర్ల వేగం అన్నమాట. ఎస్‌ఎస్‌సీ జీడీలో పురుషులకు 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు, మహిళలకు ఎనిమిదిన్నర నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు. అగ్నివీర్ ర్యాలీలో పూర్తి మార్కులు కావాలంటే 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లోపే ముగించాలి.

ఇప్పుడు కాలి వైపు నుంచి లెక్కేద్దాం. మామూలుగా పరిగెత్తేవాళ్లు నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తారు. 8 నిమిషాలకు దాదాపు 1,300 నుంచి 1,400 అడుగులు. ఒక్కో అడుగులో కాలి మీద పడే భారం శరీర బరువుకు రెండు మూడు రెట్లుంటుంది. మీ బరువు 60 కిలోలైతే అడుగుకు 120 నుంచి 180 కిలోల భారం. ఇది ఒక్క టెస్టుకే. నెలల తరబడి చేసే ప్రాక్టీస్‌తో గుణించి చూడండి.

మరి బరువు తక్కువ షూస్ వేసుకుంటే ఎంత కలిసొస్తుంది? ఒక్కో షూకు 100 గ్రాములు పెరిగితే పరుగుకు అయ్యే శక్తి సుమారు 1 శాతం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. 8 నిమిషాల పరుగులో అది దాదాపు 4 సెకన్ల తేడా. 8 నిమిషాల 3 సెకన్ల దగ్గర ఆగిపోతున్నవాళ్లకు ఆ 4 సెకన్లు బంగారమే. 9 నిమిషాల దగ్గర ఉన్నవాళ్లకు మాత్రం ఏ షూ గట్టెక్కించలేదు. నిమిషాలు తగ్గించేది ప్రాక్టీస్. సెకన్లు తగ్గించేది షూ.

ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఒట్టి కాళ్లతో పరిగెత్తి గెలిచాడు. నాలుగేళ్లకు టోక్యోలో షూస్ వేసుకుని మళ్లీ గెలిచాడు. అంటే షూస్ వల్లే గెలుపు రాదు. మరి వాటి పని ఏమిటి? కాలికి దెబ్బ తగలకుండా, మధ్యలో ఆగకుండా రోజూ మిమ్మల్ని గ్రౌండ్‌కు పంపించడం. పిక్క ఎముక నొప్పితో నెల రోజులు మంచం మీద ఉంటే పోయేది 4 సెకన్లు కాదు, మొత్తం నోటిఫికేషన్.

నేలను బట్టే సోల్

ఏ ఆటకైనా షూ సోల్‌ను నిర్ణయించేది నేలే. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన గోల్ఫ్ ఆడేవాళ్ల షూస్ చూడండి. తడి గడ్డి మీద నడుము తిప్పి బంతిని కొట్టేటప్పుడు కాలు జారకుండా వాటి అడుగున మెత్తటి స్పైక్‌లు ఉంటాయి. మన ఊళ్లోనే ఆర్డీటీ స్టేడియంలో 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి. అక్కడ బౌలర్లు వేసుకునే స్పైక్‌లూ పచ్చిక కోసమే. నాదల్ టెన్నిస్ స్కూల్ పిల్లలకైతే అటూ ఇటూ పక్కకు కదిలినా మడమ మడతపడని సోల్ కావాలి.

మీ నేల వేరు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని జిల్లా ఇది. ఎర్రనేల ఎండి రాయిలా గట్టిపడుతుంది. పైన సన్నటి గులక, దుమ్ము. పక్కనే పల్లేరు కాయలు, తుమ్మముళ్లు. ఇలాంటి చోట ఏం జరుగుతుందో చూడండి.

ఫుట్‌బాల్ స్టడ్స్, స్పైక్‌లు: గట్టి నేలలో దిగవు. మొత్తం బరువు ఆ నాలుగైదు బొడిపెల మీదే పడుతుంది. అరికాలు మండుతుంది, మడమ మడతపడే ప్రమాదమూ ఉంది.

కాన్వాస్ పీటీ షూస్: అడుగున పలుచటి రబ్బరు తప్ప ఏమీ ఉండదు. డ్రిల్‌కు సరిపోతాయి. వారానికి పాతిక కిలోమీటర్లు పరిగెత్తడానికి కాదు.

అడుగున ఫోమ్ బయటికి కనిపించే షూస్: బరువు తగ్గించడానికి కొన్ని మోడళ్లలో రబ్బరు అక్కడక్కడా ముక్కలుగా మాత్రమే అతికిస్తారు. సిమెంటు, సింథటిక్ ట్రాక్ మీద బాగుంటాయి. గులక నేల ఆ ఫోమ్‌ను త్వరగా కొరికేస్తుంది, ముల్లు కూడా సులువుగా దిగుతుంది.

లోతైన గాళ్లున్న ట్రెయిల్ షూస్: కొండలు, బురద కోసం చేసినవి. బరువెక్కువ. రోడ్డు మీద పరిగెత్తితే ఆ గాళ్లు త్వరగా అరిగిపోతాయి.

మీకు కావాల్సింది మధ్యస్థమైనది. అడుగంతా రబ్బరు పరుచుకుని, 2-3 మిల్లీమీటర్ల లోతు గాళ్లున్న రోడ్ రన్నింగ్ షూ. మడమ, బొటనవేలి కింద గట్టి రబ్బరు ఉందో లేదో గోటితో నొక్కి చూడండి. అన్నిటికంటే ముందు అరిగేవి అవే.

స్పెసిఫికేషన్లు ఇలా చదవండి

మిడ్‌సోల్: షూకు ప్రాసెసర్ లాంటిది. కుదుపును తట్టుకునేది ఇదే. ఎక్కువ షూస్‌లో ఈవీఏ అనే ఫోమ్ వాడతారు. షాపులో బొటనవేలితో నొక్కితే కొద్దిగా దిగి వెంటనే పైకి రావాలి. రాయిలా ఉన్నా, స్పాంజిలా లోపలికి పోయినా వద్దు. వేసుకోగానే హాయిగా అనిపించే ‘మెమరీ ఫోమ్’ సాధారణంగా లోపలి అట్టలో ఉంటుంది. నడకకు బాగానే ఉంటుంది. అది చూసి రన్నింగ్ షూ అనుకోవద్దు.

డ్రాప్: మడమ కింద ఎత్తుకు, వేళ్ల కింద ఎత్తుకు మధ్య తేడా. మామూలు రన్నింగ్ షూస్‌లో 8 నుంచి 12 మిల్లీమీటర్లుంటుంది. కొత్తవాళ్లకు ఇదే మేలు. ఇన్నాళ్లూ ఇలాంటివి వేసుకుని ఒక్కసారిగా చదునైన షూస్‌కో, ఒట్టి కాళ్లకో మారితే పిక్కల మీద, మడమ వెనక నరం మీద భారం పెరుగుతుంది. చిన్నప్పటి నుంచీ చెప్పుల్లేకుండా పరిగెత్తిన అలవాటుంటే అది వేరే సంగతి.

బరువు: 8వ సైజు షూ ఒక్కోటి 250 నుంచి 300 గ్రాముల మధ్య ఉంటే సరిపోతుంది.

మడమ కప్పు: వెనక భాగాన్ని రెండు వేళ్లతో నొక్కండి. గట్టిగా నిలబడాలి. చిన్న గ్రౌండ్లలో 200 మీటర్ల రౌండ్లు కొడతారు కాబట్టి మలుపులు రెట్టింపు. మలుపులో మడమ లోపల ఊగకూడదు.

వంచి చూడటం: ముందు భాగం పట్టుకుని వంచితే వేళ్లు వంగేచోటే వంగాలి. మధ్యలో మడతపడితే పక్కన పెట్టేయండి.

ఐఎస్‌ఐ మార్క్: స్పోర్ట్స్ షూస్‌కు మన ప్రమాణం ఐఎస్ 15844. లేబుల్ మీద ఉందేమో చూడండి.

సైజు.. సగం సమస్య ఇక్కడే

‘నాది 8’ అని చెప్పేస్తే సరిపోదు. ఒక కంపెనీ 8కి, ఇంకో కంపెనీ 8కి తేడా ఉంటుంది. పైగా మనం ఇన్నాళ్లూ వాడుతున్న నంబర్లు మన పాదాలను కొలిచి పెట్టినవి కావు, బ్రిటిష్ కాలం నుంచి వస్తున్నవి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. ఆ సర్వేతో ‘భ’ అనే భారతీయ సైజు విధానాన్ని తయారుచేసింది. అందులో తేలిన ముఖ్యమైన విషయం.. మన పాదాలు పాశ్చాత్యుల పాదాల కంటే వెడల్పు. సరిపడే వెడల్పు దొరక్క చాలామంది ఒక సైజు పెద్దది కొంటున్నారు. అప్పుడు పొడవు ఎక్కువై మడమ జారుతుంది, బొబ్బలు వస్తాయి.

ఇంట్లోనే ఇలా కొలుచుకోండి. సాయంత్రం పూట, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి, గోడకు ఆనించి తెల్లకాగితం పరచండి. మడమ గోడకు తగిలేలా నిలబడి, పొడవైన వేలి చివర గీత పెట్టండి. రెండు కాళ్లకూ కొలవండి. తేడా ఉంటే పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. ఆ సెంటీమీటర్లను కంపెనీ సైజు చార్ట్‌లో ‘పాదం పొడవు’ వరుసతో పోల్చి నంబరు ఎంచుకోండి.

షాపులో పరుగుకు వాడే సాక్స్ వేసుకునే ట్రై చేయండి. పొడవైన వేలికి, షూ చివరకు మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. పక్కలు బిగుతుగా ఉంటే సైజు పెంచకండి, వెడల్పు మోడల్ ఉందేమో అడగండి. మడమ లేస్తుంటే చివరి రంధ్రంలోంచి కూడా లేసు లాగి, చిన్న ఉచ్చులా చేసి బిగించండి. చాలాసార్లు దాంతో సరిపోతుంది.

అమ్మాయిలకు ఒక మాట. చిన్న ఊళ్ల షాపుల్లో మీ కోసం రన్నింగ్ మోడళ్లు తక్కువగా ఉంటాయి, గులాబీ రంగు వాకింగ్ షూస్ చూపిస్తారు. రంగు, ‘లేడీస్’ లేబుల్ పక్కన పెట్టి సెంటీమీటర్లు చూసుకోండి. పాదానికి సరిపోతే అబ్బాయిల మోడల్ అయినా ఇబ్బంది లేదు.

‘మీది ఫ్లాట్ ఫుట్’ అంటే భయపడాలా?

తడి కాలిముద్ర చూసి ‘మీకు ఈ ప్రత్యేక షూ కావాలి’ అని ఎక్కువ ధర మోడల్ అంటగట్టడం మామూలే. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ల రిక్రూట్‌లపై ఇదే విషయంలో అధ్యయనాలు జరిగాయి. పాదం వంపును బట్టి షూస్ ఇచ్చినవాళ్లకూ, అందరికీ ఒకేరకం ఇచ్చినవాళ్లకూ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీ ప్రొఫెసర్ బెన్నో నిగ్ కూడా సౌకర్యాన్నే ఎంపికకు కొలమానంగా తీసుకోమంటారు. వేసుకుని 50 మీటర్లు జాగింగ్ చేయండి. ఎక్కడా నొక్కకుండా, షూ ఉందన్న సంగతే గుర్తురాకపోతే అదే మీ షూ.

ఇది షూస్ ఎంపిక గురించి మాత్రమే. కొన్ని ఉద్యోగాల వైద్య పరీక్షల్లో ఫ్లాట్ ఫుట్‌ను విడిగా చూస్తారు. అనుమానముంటే అప్లై చేసేముందే ఎముకల డాక్టరును కలవండి.

జేబు లెక్క

పేరున్న కంపెనీల ఎంట్రీ లెవెల్ రన్నింగ్ షూస్ ఆఫర్లలో 2,000 నుంచి 3,500 రూపాయల మధ్య దొరుకుతాయి. మీ అవసరానికి అది చాలు. 10 వేలు దాటిన కార్బన్ ప్లేట్ షూస్ మారథాన్ రన్నర్ల కోసం. గులక నేల మీద అవి త్వరగా పాడవుతాయి.

షూ ఖరీదును కిలోమీటర్లతో భాగించి చూడండి. మంచి రన్నింగ్ షూ సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. మన నేలకు 500 అనుకుందాం. 2,500 రూపాయల జత కిలోమీటరుకు 5 రూపాయలు పడుతుంది. 800 రూపాయలదని కొన్న జత 100 కిలోమీటర్లకే నోరు తెరిస్తే కిలోమీటరుకు 8 రూపాయలు. ఏది చవక?

ఆన్‌లైన్లో ‘స్పోర్ట్స్ షూస్’ అని వెతికితే సగం వాకింగ్, క్యాజువల్ మోడళ్లే వస్తాయి. ‘రన్నింగ్’ ఫిల్టర్ పెట్టండి. నాలుక లోపలి లేబుల్ మీద ఉన్న ఆర్టికల్ నంబరు, డబ్బా మీది నంబరు ఒకటేనా చూడండి. తేడా ఉంటే తిరిగి పంపేయండి. ‘ఫస్ట్ కాపీ’ అని అమ్మేవాటిలో లోగో ఉంటుంది గానీ లోపలి ఫోమ్ ఏమిటో ఎవరికీ తెలియదు. వీలైతే టవర్ క్లాక్ చుట్టుపక్కల షాపుల్లో వేసుకుని చూసి, ధరలు పోల్చుకుని కొనండి. మొదటి జత మాత్రం కాలికి పెట్టి చూడకుండా కొనకపోవడమే మంచిది.

నోటిఫికేషన్ ఆలస్యమైతే?

ఇది మనవాళ్లకు బాగా తెలిసిన బాధ. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగింది. దాదాపు 95 వేల మంది అర్హత సాధించారు. ఫిజికల్ ఈవెంట్స్ మొదలైంది మాత్రం 2024 డిసెంబరు 30న. మధ్యలో 23 నెలలు!

వారానికి 25 కిలోమీటర్ల చొప్పున 500 కిలోమీటర్లంటే 20 వారాలు. అంటే ఒక జత 5 నెలలకు అయిపోతుంది. 23 నెలలు అదే జోరుతో పరిగెత్తితే నాలుగైదు జతలు కావాలి. ఏ ఇల్లు భరిస్తుంది? అందుకే ఇలా ప్లాన్ చేసుకోండి.

తేదీలు తేలనప్పుడు వారానికి మూడు రోజులు, నెమ్మదిగా 3 కిలోమీటర్ల చొప్పున పరిగెత్తితే చాలు. మిగతా రోజుల్లో స్క్వాట్స్, మెట్లు ఎక్కడం లాంటివి చేయండి. షూ మిగులుతుంది, కాళ్లూ బలపడతాయి.

‘మళ్లీ ఆఫర్ రాదేమో’ అని రెండు జతలు కొని అటకెక్కించకండి. వాడకపోయినా ఫోమ్ గట్టిపడుతుంది, జిగురు వదులుతుంది. మన ఎండాకాలంలో రేకుల గదిలో అయితే ఇంకా త్వరగా.

ఫిజికల్ తేదీలు ఖరారవగానే కొత్త జత తీసుకోండి. అప్పటినుంచి పాతది రోజువారీకి, కొత్తది వేగం పరుగులకు. టెస్టు నాటికి కొత్త జత మీద 30-40 కిలోమీటర్లు తిరిగి ఉండాలి. గ్రౌండ్ రోజున డబ్బా విప్పిన షూస్ వద్దే వద్దు.

షూ అయిపోయిందని ఎలా తెలుస్తుంది? బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. ఒక పక్కకు వాలిందా? మిడ్‌సోల్ మీద ముడతలు మడతల్లా స్థిరపడ్డాయా? మామూలు దూరానికే పిక్క ఎముక లోపలి అంచు, మోకాలు నొప్పెడుతున్నాయా? దూరం పెంచకుండానే నొప్పి మొదలైతే ముందు షూ చూడండి. ఒక్కసారిగా దూరం పెంచాక నొప్పి వస్తే తప్పు షూది కాదు, ప్లాన్‌ది.

కడగడం, ఆరబెట్టడం

షూస్‌ను వాషింగ్ మెషీన్లో వేయొద్దు. లోపలి అట్ట, లేసులు తీసి, పాత బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి రుద్దండి. లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి నీడలో ఆరబెట్టండి. మేనెల ఎండలో మిద్దె మీద పెడితే ఫోమ్ కుంచించుకుపోతుంది, అతుకులు వదిలిపోతాయి. సోల్‌లో ఇరుక్కున్న గులకరాళ్లు, పల్లేరు కాయలు రోజూ తీసేయండి. పూర్తి కాటన్ సాక్స్ చెమట పట్టి ఉంచుతాయి కాబట్టి పాలిస్టర్ లేదా నైలాన్ కలిసినవి మేలు. 150 రూపాయల సాక్స్ చాలాసార్లు బొబ్బల బాధ తీరుస్తాయి.

గ్రౌండ్ రోజున..

• అడ్మిట్ కార్డు మీద షూస్, దుస్తుల గురించి ఏం రాశారో ముందురోజే చదవండి. ఏవి వేసుకోవచ్చన్న దానికి అదే ఆధారం.
• లేసులు రెండు ముడులు వేసి, కొసలు లోపలికి దోపండి. పరుగు మధ్యలో లేసు ఊడితే కట్టుకునేలోపు కనీసం 10 సెకన్లు పోతాయి.
• లాంగ్ జంప్ తర్వాత షూస్, సాక్స్ దులుపుకోండి. ఇసుక రేణువులతో పరిగెత్తితే రెండు రౌండ్లకే అరికాలు చిట్లుతుంది.
• అదనపు సాక్స్, ఒక జత లేసులు బ్యాగులో ఉంచుకోండి.
• పక్కవాళ్ల ఖరీదైన షూస్ చూసి కంగారుపడొద్దు. స్టాప్‌వాచ్‌కు బ్రాండ్ తెలియదు.

షూస్ వెనకా ఉద్యోగాలున్నాయి

పరుగు పక్కన పెడితే, షూ తయారీ కూడా ఒక కెరియర్. హైదరాబాద్‌లో ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌డీడీఐ క్యాంపస్ ఉంది. 2017 చట్టంతో ఇది జాతీయ ప్రాధాన్య సంస్థ అయింది. ఏఐఎస్‌టీ ప్రవేశపరీక్షతో డిజైన్ కోర్సుల్లో చేరొచ్చు. తడ దగ్గర మాంబట్టులోని అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ షూస్ తయారవుతున్నాయి. మెకానికల్, కెమికల్, పాలిమర్ చదివినవాళ్లు ఇటు కూడా ఒక కన్నేయొచ్చు. మీరు వేసుకునే సోల్ అచ్చు వెనకా, ఫోమ్ వెనకా ఉన్నది ఇంజినీరింగే.

ఈ వారం చేయాల్సింది మాత్రం చిన్న పని. సాయంత్రం గోడకు ఆనుకుని పాదం కొలవండి. ఇప్పుడున్న షూస్ బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. అవి ఇంకా నిటారుగా ఉంటే కొత్తవి కొనకండి, ఆ డబ్బు పుస్తకాలకు ఉంచుకోండి. వాలిపోయి ఉంటే పాదం కొలత రాసిన కాగితం జేబులో పెట్టుకుని షాపుకెళ్లండి. ఆల్ ది బెస్ట్!